మడతలో ఉండిపోయిన నీలం

ఈ ఉదయం కాఫీ తాగుతూ ఉంటే బల్ల మీది ఫోన్ చిన్నగా మోగి, తనంతట తానే ఒక ఫోటో తెరిచి చూపించింది. దాని కింద "ఏడాది కిందట ఈ రోజు" అని ఉంది. ఫోటోలో మా నగర్తపేట ఇంటి మెట్లు, మెట్ల మీద మా ఇంటిల్లిపాది, ఎడమవైపున నేను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, నెత్తిన జుట్టు కూడా ఉంది. ఆ ఇల్లు మా చేతిలోంచి పోయి నలభై ఏళ్ళు దాటింది కాబట్టి ఏడాది కిందట అనడం తప్పే. ఆ తప్పును దిద్దవద్దని చెప్పినవాణ్ణి మాత్రం నేనే.

కిందటేడు మా అక్క పోయింది. ఆమెకు ఒక్కతే కూతురు. ఊరి అవతలి కొసన ఫ్యాక్టరీల పేట పీణ్యలో ఉంటుంది, నలభైకి దగ్గరపడినా నాకు పాపే. కర్మలన్నీ అయ్యాక ఒకరోజు ఫోన్ చేసి, గోడకు పెట్టుకోవడానికి అమ్మది ఒక మంచి ఫోటో కావాలని అడిగింది. తన దగ్గర ఉన్నవన్నీ చివరి రెండేళ్ళలో ఫోన్లో తీసినవి, మందులతో చిక్కిపోయిన ముఖం. పెళ్ళినాటివి ఒక వానకాలం ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని పోయాయట. "వయసులో మా అమ్మ ఎట్లుండేదో నాకు తెలీదు మామా. నీ ట్రంకులో ఒకటైనా ఉండదా?" అంది. చూద్దాం రమ్మన్నాను. ఎక్కడుందో ఆ క్షణమే నాకు తెలుసు. అది ట్రంకులో లేదు.

మాది జరీ కొట్టు. నగర్తపేటలో మమ్మల్ని పెద్దకొట్టు వాళ్ళు అనేవారు. కొట్టు పోయాక ఇల్లు పోయింది, ఇల్లు పోయాక ఆ పిలుపు కూడా పోయింది. నా వంతుకు మిగిలినవి ఒక ట్రంకుపెట్టెడు ఫోటోలు, ఒక పెద్ద గోడ ఫోటో. కాడుగోడిలో రైలు స్టేషన్ వెనక నేనుంటున్న రెండు గదుల్లో ఆ గోడ ఫోటోకు తగిన గోడ లేదు, కిటికీ రెక్కను సగం మూసేసి వేలాడుతూ ఉంటుంది. అయినా దాన్ని దించలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకోకుండా తలుపు తీయని అలవాటు కూడా మానలేదు. పాలవాడు వస్తే బొత్తాలు పెట్టుకునేదాకా బయట నిలబడతాడు, పాపం అతనికి అలవాటైపోయింది.

మేనకోడలు మెజెస్టిక్‌లో మెట్రో మారి, ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని మూడు ఆదివారాలు వచ్చింది. మొదటి ఆదివారం ట్రంకులోని ఫోటోలను కిటికీ వెలుగులో చాప మీద పరిచి, ఒక్కొక్కదాన్నే ఫోన్‌తో తీసి, అన్నింటినీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. అవి నా ఫోన్లోనూ కనిపించేలా కలిపింది. ఎక్కిన తర్వాత చూస్తే అన్నింటికీ ఆనాటి తేదీయే పడింది. తాత షష్టిపూర్తి, నాయన పెళ్ళి, నా పుట్టువెంట్రుకలు మూడూ ఒకే ఆదివారం జరిగాయి. అంత పని ఒక్కరోజులో పెట్టుకునే తెలివితక్కువతనం మా ఇంట్లో ఎన్నడూ లేదన్నాను. సరే, నువ్వు చెప్పు నేను మారుస్తానని ఆమె కూర్చుంది. నేను లెక్కలు కట్టి ఏళ్ళు చెప్పాను. సంవత్సరం తెలియని చోట అవ్వ ముక్కుపుడకను బట్టి, కొట్టు బోర్డు రంగును బట్టి తేల్చాను. నూట అరవై ఫోటోలను వాటి వాటి కాలాల్లో కూర్చోబెట్టేసరికి చీకటి పడింది.

మనిషికొక ఫోల్డర్ పెడదామన్నప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆ మిషన్ పేర్లను అక్షరాల వరసలో పేరుస్తుంది. చిన్నాయన వెళ్ళి తాతకంటే పైన కూర్చున్నాడు. మా ఇంట్లో తాత మొదటి ముద్ద నోట పెట్టేదాకా ఎవరి చెయ్యీ విస్తరి మీదికి పోయేది కాదు. ఇది కుదరదన్నాను.

"పేరు ముందర సున్నా ఒకటి వేస్తే సాలు మామా, తాత పైకి పోతాడు."

"తాత పైకి పోయి చాలా కాలమైంది పాపా."

ఆమె పగలబడి నవ్వింది. తల్లి పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు. ఆ నవ్వు అచ్చం అక్కదే. గోడ మీదికి చూడకుండా ఉండటానికి నేను లేచి వెళ్ళి కాఫీ పెట్టాను.

రెండో ఆదివారం ఆ మిషన్ ముఖాలను ఏరి, గుండ్రటి బిళ్ళల్లో పెట్టి, ఎవరు వీళ్ళు అని అడగసాగింది. నాయన ముఖాన్నీ నా ముఖాన్నీ పక్కపక్కన పెట్టి ఇద్దరూ ఒక్కరేనా అంది. కాదని నొక్కాను. మరో రెండు ముఖాలు తెచ్చి మళ్ళీ అడిగింది. మూడోసారి నాకు కోపం వచ్చింది.

"దాన్నెందుకు తిడ్తావు మామా," అంది మేనకోడలు. "మీ నాయనదీ నీదీ ఒకటే మెడ. వంగేది కాదు. మిషన్‌కు కూడా తెల్సిపోయిండాది."

మూడో ఆదివారానికి పని అయిపోయింది. బిళ్ళలన్నీ వరసగా తెర మీదికి వచ్చాయి. తాత, అవ్వ, నాయన, అమ్మ, చిన్నాయన, నేను. అక్క బిళ్ళలో రెండే ఫోటోలు, రెండింటిలోనూ పదేళ్ళ పిల్ల. ఆడపిల్ల పెద్దదయ్యాక ఫోటోగ్రాఫర్ ముందు నిలబెట్టకపోవడం మా ఇంటి పద్ధతి. మేనకోడలు ఆ బిళ్ళను చాలాసేపు చూసి, ల్యాప్‌టాప్ మూయబోయింది. ఆమె అడిగి ఉంటే తప్పించుకునేవాణ్ణేమో. అడగలేదు. నేను స్టూలు వేసుకుని గోడ ఫోటో దించాను.

అది నగర్తపేట ఇంట్లో మా చివరి ఉగాది. కొట్టు మూతపడి రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ మా ఇంట్లో పొయ్యి వెలిగింది పీణ్యలో అక్క చేసే పనితోనే. మోటార్లకు రాగితీగ చుట్టే ఫ్యాక్టరీలో చేరింది. పెద్దకొట్టు వాళ్ళ అమ్మాయి తెల్లవారుజామున కంపెనీ బస్సుకు నిలబడటం నాయనకు చావుతో సమానం. ఆ బస్సు తెచ్చే బియ్యాన్నే ఆయన మౌనంగా తినేవాడు, నేనూ తినేవాణ్ణి. ఆ ఉగాదికి రంగుల ఫోటో తీయించారు. అందరం మెట్ల మీద వరసగా నిలబడ్డాక అక్క షిఫ్టు దిగి సరాసరి వచ్చింది, ఒంటి మీద కంపెనీ నీలం కోటు. లోపలికి పోబోతుంటే అవ్వ ఆపి, ఈ ఇంట్లో ఇంక ఉగాది ఉండదు, ఎట్లున్నావో అట్లే నిలబడమంది. అక్క వచ్చి నా పక్కన నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసింది.

ఫోటో వచ్చాక నాయన చూసి, పీణ్య కోటు మన గోడ మీద వద్దన్నాడు. ఫ్రేము కట్టించడానికి తీసుకువెళ్ళింది నేను. అద్దాల కొట్టు మనిషి బ్లేడు తీస్తే కోయవద్దన్నాను. అక్క ఉన్నంత మేరా వెనక్కి మడిచి, నా గోటితోనే మడతను నొక్కాను. మడత ఆమె మణికట్టు మీదుగా పోయింది. అందుకే నా భుజం మీద వేళ్ళు మాత్రం ఉండిపోయాయి. గోడకు తగిలించిన రోజు అక్క కాసేపు చూసి, "పోనీలే అప్పా, నేను లేకుంటేనే మీరంతా బాగుండారు" అంది. ఆ సాయంత్రం కూడా సంచీలో కూరగాయలు తెచ్చింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు, చిన్నపిల్లగా ఉన్న మేనకోడలు ఆ వేళ్ళెవరివని అడిగింది. చిన్నాయనవి అన్నాను. తీగ చుట్టి చుట్టి మొద్దుబారిన వేళ్ళు, మగవాడివంటే నమ్మేలా ఉన్నాయి కాబట్టి ఆ మాట చెల్లింది. అక్క పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ వింది. తల ఎత్తలేదు.

మేకులు ఊడదీసి, అట్ట తీసి, మడత విప్పాను. నలభై ఏళ్ళ ఎండకు మేమందరం వెలిసిపోయి ఉన్నాం. తాత ముఖం పసుపు మరక, నాయన తలపాగా జరీ ఎక్కడుందో తెలియదు. మడత అవతల మాత్రం అక్క, నిన్న తీసినంత తాజాగా. నీలం కోటు నీలంగానే ఉంది. జేబు మీది నూనె మరక కూడా కనిపిస్తోంది. నవ్వుతోంది.

మేనకోడలు ఒక వేలితో మణికట్టు దగ్గర మడత గీతను తడిమింది.

"ఎవురు మడిచింది మామా?"

నాయన పేరు చెప్పి తప్పించుకోవచ్చు, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. "నేనే," అన్నాను.

"అమ్మకు తెల్సా?"

"తెలుసు."

స్టేషన్‌లో ఒక రైలు ఆగి, కదిలి, వెళ్ళిపోయింది. "కొయ్యకుండా పెట్టినావే, సాలు," అంది చివరికి. అది క్షమించడమో సరిపెట్టుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగే అర్హతా లేదు.

ఫోటోను కిటికీ దగ్గర పెట్టి ఫోన్‌తో తీసి, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. మిగతావాటికి లాగే దానికీ ఆనాటి తేదీయే పడింది. ఏ సంవత్సరం వెయ్యాలో చెప్పమని నా వైపు చూసింది. నూట అరవై ఫోటోలకు తేదీలు దిద్దించినవాణ్ణి, ఆ ఉగాది ఏ వారమో కూడా చెప్పగలను. దాన్ని అట్లాగే ఉండనీ పాపా అన్నాను.

ఆ రోజు ఉంచిన తేదీ వల్లనే ఈ ఉదయం ఫోన్ మోగింది. కాఫీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. మిషన్ లెక్క తప్పని నేనిప్పుడు అనుకోను. అద్దం వెనక మనిషిని దాచి ఉంచిన ఏళ్ళు ఎవరి లెక్కలోకీ రావు. ఆ లెక్కన మా అక్క షిఫ్టు దిగి వచ్చి, మా ఇంటి మెట్ల మీద నా పక్కన నిలబడి నేటికి సరిగ్గా ఏడాది.