మామూలు దస్తావేజు

ఏలూరు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట కూర్చుని దస్తావేజులు రాసే ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు. నేను కాదనను. నా చేనుకు దారి లేకుండా చేసింది ఆ ముత్యాలే.

పెదపాడు దగ్గర ఎకరం కొన్నాను. రోడ్డుకీ నా ఎకరానికీ మధ్య, అమ్మినాయన తనకని ఉంచుకున్న చేను ఉంది. అందులోంచి బండిదారి ఇస్తానని ఆయన నలుగురిలో ఒప్పుకున్నాడు.

"ఏవండీ, బండిదారి సంగతి రాశారా?" అని లేఖరి గారిని అడిగాను.

ఎవరేమడిగినా ఆయన కళ్లజోడు నుదుటికెక్కేది, అరచెయ్యి కాగితాన్ని కప్పేది. "అంతా మామూలేనండి. ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. పెట్టాను.

ఆ ఏడే అమ్మినాయన కంచె వేశాడు. దస్తావేజు తీసి చూస్తే దారి ఊసే లేదు. లేఖరి గారిని నిలదీస్తే, "పాత దస్తావేజులో ఉన్నట్టే దించానండి. అందులో దారి లేదు కదండీ" అన్నారు. పాతదాంట్లో రెండు చేలూ ఒకటే. దారి ఎవరికి కావాలి?

అప్పటినుంచి పక్క రైతును బతిమాలుకుని, వరి మోపులు అతని గట్టు మీదుగా నెత్తిన మోయిస్తున్నాను.

నాలుగేళ్లకు లేఖరి గారే గుండుగొలనులో స్థలం కొంటున్నారని తెలిసి, పనిగట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాను. వేరే లేఖరి రాస్తున్నాడు. ఈయన కళ్లజోడు ముక్కుమీదికి దించుకుని, ఒక్కో మాట మీదా వేలుపెట్టి చదువుకుంటున్నారు.

"అంతా మామూలేనాండీ?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు.

"ఇది మామూలుది కాదండీ, నాది."