చెంపకు తెలిసిన చార్జింగ్

చూపు పోయాక మల్లవ్వకు పగటిపూట తోడు ఒక పాటల డబ్బా. పటాన్‌చెరులో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసే కూతురు సునంద దాన్ని కొనిచ్చింది. చార్జింగ్ ఎక్కుతుంటే డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది. రోజూ డ్యూటీకి పోయే ముందు సునందే వైరు పెట్టి, ఆ లైటు చూసి వెళ్లేది.

ఒకరోజు కంపెనీ బస్సు ముందే వచ్చింది. సునంద వైరు గుచ్చి పరుగెత్తింది. కాసేపటికి మల్లవ్వ మీట నొక్కితే డబ్బా పలకలేదు. చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది. చార్జింగ్‌లో ఉన్నప్పుడు ఎప్పుడు ముట్టుకున్నా అది గోరువెచ్చగా తగిలేదని ఆమెకు గుర్తొచ్చింది. వైరు వెంబడి గోడ దాకా తడుముకుంటూ వెళ్లి బోర్డు మీద స్విచ్ వేసింది. డబ్బాను చెంపకు ఆనించుకుని ఓపిగ్గా కూర్చుంది. కొంతసేపటికి వెచ్చదనం తెలిసింది. మీట నొక్కగానే పాట వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చిన సునంద పాట విని గుమ్మంలోనే ఆగిపోయింది.

"స్విచ్ ఎయ్యడం మర్చిపోయిననే అమ్మా. దినమంతా పరేషాన్ అయిన. పాటెట్ల వస్తున్నది?"

"నేనే ఏసిన."

"మరి చార్జింగ్ ఎక్కుతున్నదని ఎట్ల తెలిసింది?"

మల్లవ్వ ఇంకా వైరుకే ఉన్న డబ్బాను కూతురి చెంపకు ఆనించింది. "ఇగో, గిట్ల."

సునంద ఆ చేతిని కాసేపు అలాగే పట్టుకుంది.

"రేపటి సంది ఇది నేనే పెట్టుకుంట," అంది మల్లవ్వ. "నీ ఫోను గూడ ఇటు ఇయ్యి. చార్జింగ్ పెడితే అది గూడ వెచ్చగైతదేమో సూస్త."