పుండు ఎక్కడ పుట్టింది

బందరులో ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలను కంప్యూటర్‌లో సరిచూడటం నా ఉద్యోగం. ప్రతి జబ్బు పక్కనా ఒక ప్రశ్న ఉంటుంది: చేరేనాటికే ఉందా, ఇక్కడికొచ్చాక మొదలైందా? తెర తెరవగానే ‘చేరేనాటికే ఉంది’ అన్నచోట టిక్కు దానంతటదే పడి ఉంటుంది. మా సిస్టర్లు రోజంతా కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగి, రోగిని ఇంటికి పంపే పూట వివరాలన్నీ ఒక్కసారిగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. ఆ టిక్కు తీయడం ఎవరికీ గుర్తుండదు. నేను సరిచూసేసరికి డిశ్చార్జి కాగితం రోగి ఇంటివాళ్ల చేతికి వెళ్లిపోయి ఉంటుంది.

ఆ మధ్యాహ్నం మెట్ల దగ్గర కేకలు వినిపించి బయటికి వచ్చాను. నాగాయలంక నుంచి తుంటి విరిగి వచ్చిన పెద్దావిడను ఇంటికి తీసుకెళ్తున్నారు. పడ్డాక, నాటు కట్టుతో సరిపోతుందేమోనని కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచారట. గుడివాడలో ఉండే కూతురు డిశ్చార్జి కాగితం ఊపుతూ తమ్ముడి భార్య మీద విరుచుకుపడుతోంది.

“చేరేటప్పటికే నడుం కింద పుండుందంట! మా అమ్మని కనీసం పక్కకి కూడా తిప్పలేదన్నమాట నువ్వు!”

“లేదు వదినా. రోజూ వేణ్ణీళ్లతో తుడిచి పౌడరు రాసేదాన్ని. ఒక్క మచ్చ లేదు.”

“అయితే కాగితం అబద్ధమాడుతోందా?”

కోడలు నన్ను చూసి దగ్గరికొచ్చింది. “మా ఊళ్లో ఆర్.ఎం.పి. గారు ఈ కాగితం పైకి చదివి చెప్తారండీ. మా ఆయనా వింటాడు, వీధంతా వింటుంది. ఆ తర్వాత నేనేం చెప్పుకున్నా ఎవరు నమ్ముతారు?”

నాకసలే ముక్కు మీద కోపం. పైకి పరుగెత్తి కేసు షీటు తీశాను. చేరిన రోజు సిస్టరు చేత్తో రాసింది: వీపు, నడుము బాగున్నాయి, పుళ్లు లేవు. ఆపరేషన్ తర్వాత నడుం కింద చర్మం ఎర్రబడి పుండు పడిందని ఇంకో సిస్టరు రాసింది. దిద్దుదామంటే కుదరలేదు. ముగించిన రికార్డును మేనేజరు గారే తెరవాలి. ఆయన భోజనానికి కూర్చున్నారు. కింద వ్యాను హారన్ కొడుతోంది. ఆగలేక ఆయన గదికే వెళ్లి సంగతి చెప్పాను.

“పుండు మానుతోందిగా, ఎక్కడ పుడితే ఏంటమ్మా? ఇక్కడే వచ్చిందంటే మాట పడేది మనమే. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?” అన్నారాయన.

“కందకి దురద ఉంది సార్. కింద నిలబడి ఏడుస్తోంది.”

నా గొంతు వరండాదాకా వినిపించినట్టుంది, ఇద్దరు తిరిగి చూశారు. ఆయన విసుక్కుంటూ ఎడమచేత్తోనే పాస్‌వర్డ్ కొట్టారు. నేను టిక్కు మార్చి కొత్త కాగితం తీశాను. డాక్టరు గారు కేసు షీటూ కొత్త కాగితమూ పక్కపక్కన పెట్టి చూసి సంతకం పెట్టారు.

నేను దిగేసరికి పెద్దావిడను వ్యానులో పడుకోబెట్టారు. కూతురు కొత్త కాగితం చదివి తలెత్తింది.

“అంటే పుండు మీ దగ్గరే వచ్చిందా?”

“అవునండీ. మా దగ్గరే.”

నన్నూ ఆసుపత్రినీ కలిపి దులిపేసింది. తిట్టాల్సిన వాళ్లనే తిడుతోంది కాబట్టి నాకు హాయిగానే అనిపించింది. చివరికి ఆ కాగితాన్ని కోడలి చేతిలో పెట్టబోయింది. కోడలు అందుకోలేదు.

“మీ దగ్గరే ఉంచండి వదినా. మాతో ఊరు రండి. ఆర్.ఎం.పి. గారొద్దు, మీరే చదివి చెప్పండి అందరికీ.”

కూతురు కాగితాన్ని మడిచి పట్టుకుంది. వ్యాను ఎక్కి, తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

పైకి వచ్చినా నాకు కుదురు లేదు. తెర మీద ఇంకెవరిదో పేరు, సాయంత్రం ఇంటికి పంపుతున్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్. ‘చేరేనాటికే ఉంది’ దగ్గర టిక్కు. ఆ టిక్కు ఏ ఇంటి కోడలి నెత్తిన పడబోతోందో అనుకుంటూ, కాగితం బయటికి వెళ్లకముందే కేసు షీటు చూద్దామని లేచి వార్డుకి నడిచాను.