ఊపిరాడని గ్రహానికి పరామర్శ

ఆ రోజుల్లో, అంటే పరిశోధనలో చేరిన కొత్తల్లో, లెక్క సరిగ్గా కడితే ఆకాశం మన మాట వింటుందని నాకు గట్టి నమ్మకం. ఎక్కడో ఓ నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం గాలిలో నీటి ఆవిరి ఉంటుందని కంప్యూటర్లో ఒక నమూనా తయారుచేశాను. గ్రహం నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు కొంత వెలుతురు దాని గాలిలోంచి వడకట్టుకుని మన దాకా వస్తుంది. ఆవిరి ఉంటే ఆ వెలుతురును చూపించే గ్రాఫు గీత అక్కడక్కడా గుట్టల్లా లేస్తుంది. నా నమూనాలో గుట్టలు ఎంత ముచ్చటగా లేచాయో (ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను, నవ్వకండి). ఇక టెలిస్కోపు చూసిన అసలు గీత రావడమే తరువాయి. సెమినార్లో రెండూ పక్కపక్కన పెట్టి మెప్పిస్తేనే నా ఉద్యోగం పొడిగిస్తారు.

సెలవుకి మా ఊరు నల్లపాడు వచ్చినప్పుడు, ఓ మధ్యాహ్నం ఆ గీత వచ్చింది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. పరిశోధనలో నాకు గైడుగా ఉన్న మేడమ్‌కి ఫోన్ చేసి, "దానికి గాలే లేదేమో మేడమ్, అంతా పోయింది" అని ఏడ్చేశాను. వసారాలో మిరపకాయలకి తొడిమలు తీస్తున్న నానమ్మకి ఆ ముక్క చాలింది. సాయంత్రానికల్లా నా స్నేహితురాలెవరో ఊపిరాడక పోయిందని వీధంతా పాకింది.

ముందు పక్కింటి అత్త వచ్చి నా తల నిమిరింది. తర్వాత టైలర్ బాబాయి చెప్పులు బయట విడిచి, గొంతు తగ్గించి, "వయసెంతుంటుందమ్మా?" అన్నాడు. గీత ధ్యాసలోనే ఉన్న నేను, "కొన్ని వందల కోట్ల ఏళ్లుంటాయి బాబాయ్" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "పోన్లే తల్లీ, నిండుగానే బతికింది" అన్నాడు.

అప్పుడు అందరికీ అసలు సంగతి చెప్పాల్సొచ్చింది. "అయితే గాలి లేదని ఎట్టా తెలిసిందే?" అంది అత్త. "గీత తిన్నగా వచ్చింది కదత్తా" అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను. గాలి లేకపోతే గీత తిన్నగా ఉంటుంది, నిజమే. పైన దట్టంగా మబ్బు కప్పేసి, ఆవిరి దాని కింద ఉండిపోయినా తిన్నగానే ఉంటుంది. నా నమూనాలో నేను మబ్బులే పెట్టలేదు (లేకపోతే లెక్క తేలిక కదా).

మళ్లీ ఫోన్ చేస్తే మేడమ్, "మబ్బు పెట్టి చూడు. సరిపోయిందని సంబరపడిపోకు" అంది. మబ్బుతో సరిపోయింది. గాలి లేదనుకున్నా అంతే బాగా సరిపోయింది. సెమినార్లో ఓ పెద్దాయన, "ఇంతకీ గాలి ఉందా, లేదా?" అని అడిగాడు. "ఇప్పటికి తెలియదండి. తేలాలంటే ఇంకేం చూడాలో మాత్రం చెప్పగలను" అన్నాను, బల్ల అంచు గట్టిగా పట్టుకుని. ఉద్యోగం పొడిగించారు.

ఆ గ్రహం సంగతి ఇంకా తేలలేదు. ఇప్పుడు నా నమూనా తప్పినా అన్నం సహిస్తుంది, నిద్ర పడుతుంది. కంటితో ఎన్నడూ చూడని ఓ లోకానికి గాలి లేదేమోనని వెక్కి వెక్కి ఏడ్చిన ఆ పిల్ల మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఓదార్చాలనిపించదు, కాసేపు తన పక్కన కూర్చోవాలనిపిస్తుంది.