ఖుబానీ మీద పల్లీలు

పెళ్లి విందులో అన్నం మాడితే క్షమిస్తారు, ఉప్పెక్కువైతే సర్దుకుంటారు. నేను చేసిన పని మాత్రం మా శాలిబండ గల్లీలో ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ఆ ఘోరాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను. మీకు నవ్వొస్తే నవ్వండి, నాకింకా సిగ్గుగానే ఉంది.

ఖుబానీ కా మీఠా చేయడంలో మా అత్తమ్మకు పెద్ద పేరు. ఎండు ఖుబానీలు, అంటే ఆప్రికాట్లు, నానబెట్టి, గింజలు తీసి, గుజ్జును చక్కెరతో సన్నమంట మీద ఉడికించాలి. ఆ గింజల్ని ఒక్కొక్కటే పగలగొట్టి, లోపలి తెల్లటి పలుకుల్ని పైన చల్లాలి. పలుకు కనిపిస్తేనే మావాళ్లు అది అసలు ఖుబానీ అని నమ్ముతారు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులొచ్చాక పెళ్లిళ్లకు మీఠా చేసిచ్చే ఆ వ్యాపారం నా చేతికొచ్చింది. తెలివి కూడా వచ్చేసిందనుకున్నాను.

మొదటి పెద్ద ఆర్డరు పక్కింటి షమీమ్ ఆపా కూతురి పెళ్లిది.

"యాకుత్‌పురాల ఒకాయన కిలోకు వంద తక్కువకే ఇస్తనన్నడు సుజాతా," అంది ఆపా.

"నేను ఇంకో యాభై తగ్గిస్త, ఫికర్ చెయ్యకు ఆపా!"

"గా ధరకు నీ కష్టం గూడ రాదే," అంది అత్తమ్మ లోపల్నుంచి. విననట్టు నటించాను. ఆమె సైదాబాద్‌లో కూతురింటికి వెళ్లగానే బజారుకెళ్లి, గింజ తీసేసిన ఖుబానీ ముక్కలు చవగ్గా తెచ్చాను. గింజలు పగలగొట్టే పని కూడా తప్పిందని మురిసిపోయాను.

మీఠా బాగానే కుదిరింది. పైన చల్లుదామని చూస్తే పలుకులేవి? గింజలే లేవు కదా! పెళ్లి మధ్యాహ్నమే. గాభరాగా పల్లీలు ఉడకబెట్టి, పొట్టు తీసి, బద్దలు చేసి చల్లేశాను. దూరం నుంచి అచ్చం పలుకులే. జనం దూరం నుంచి తింటారని ఎందుకనుకున్నానో!

విందులో పెళ్లికొడుకు అమ్మమ్మ, అందరూ నానీ అని పిలిచే ముసలామె, ముందు పలుకే తీసి నోట్లో వేసుకుంది. నములుతూ ఆగింది.

"షమీమ్, ఏందిది?"

"ఖుబానీ పలుకు, నానీ."

"నాకు సగం పండ్లు లేవు గని నాలుక ఉంది బేటీ. ఇది పల్లి! మీ శాలిబండల పల్లిచెట్టుకు ఖుబానీలు కాస్తున్నయా?"

నేను ఆగలేక ముందుకొచ్చాను. "కొత్త డిజైన్ నానీ! పెండ్లి స్పెషల్!"

"అట్లనా? మరి కింద ఉన్నదేంది, గుమ్మడికాయనా?"

అంతే, గిన్నెలన్నీ పక్కకు జరిగాయి. అది నిజమైన ఖుబానీయే అని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. వియ్యాలవారి ముందు ఆపా తల దించుకుంది, కళ్లలో నీళ్లు. ఆ ముఖం చూశాక నాకు అన్నం సయించలేదు.

మర్నాడు తిరిగొచ్చిన అత్తమ్మ నన్ను చేయి పట్టుకుని ఆపా ఇంటికి తీసుకెళ్లింది. తప్పయిందని ఒప్పుకున్నాను.

"జుమ్మాకు పెండ్లికొడుకోళ్లు ఇంటికొస్తున్నరు," అంది ఆపా. "మల్ల చెయ్యి. గింజలు మాత్రం నా గడప మీద కూసొని, అందరి ముందల పగలగొట్టాలె."

శుక్రవారం సుత్తి పట్టుకుని గడప మీద కూర్చున్నాను. గింజకొక దెబ్బ, నా బొటనవేలికొక దెబ్బ. నానీ నా ఎదురుగా కుర్చీ వేయించుకుని, పగిలిన పలుకునల్లా నోట్లో వేసుకుని పరీక్షించడం మొదలుపెట్టింది.

"ఇది అసలుదే. ఇది గూడ అసలుదే. ఇంకోటియ్యి, అనుమానంగుంది."

వడ్డించే వేళకు గిన్నెలో పలుకులు అడుగంటాయి. నానీ ఆ గిన్నెలోకి చూసి, కొంచెం సిగ్గుపడి, మెల్లగా అడిగింది:

"బేటీ, పల్లీలున్నయా?"

ఆపా పొట్ట పట్టుకుని నవ్వింది. పెళ్లిరోజు తర్వాత ఆమె నా వైపు చూసి నవ్వడం అదే మొదలు. నేను మాత్రం నవ్వకుండా వాచిన బొటనవేలు పైకెత్తి అందరి ముందూ ఒట్టేశాను. ఇంకొకరి ధర విని నా ధర చెప్పను, గింజలేని ఖుబానీ గడప దాటనివ్వను, ఆర్డరున్న రోజున పల్లీల డబ్బా అత్తమ్మ మంచం కిందే ఉంటుంది.