పది నిమిషాలకు కొసరు

అరకు సంతలో నన్ను మించి బేరమాడేవాడు లేడు. విశాఖలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, తిరిగొచ్చి మా కిరాణా కొట్టు గల్లా దగ్గరే కూర్చున్న ఘనుణ్ణి. అయినా ఆ చదువుతో ఒక మనిషి గడియారాన్ని నా ఇష్టమొచ్చినట్టు సాగదీశాను. తెలిసే చేశాను.

ఆ అమ్మాయిది హుకుంపేట పైన కాఫీ తోటల ఊరు. మా కొట్టు వెనక గదిలో అద్దెకుండి టైపు నేర్చుకునేది. టైపిస్టు ఉద్యోగం రావాలంటే పరీక్షలో పది నిమిషాల్లో మూడొందల మాటలు కొట్టాలి. వాళ్ల ఊరి నుంచి అప్పటికి ఎవరూ ఆఫీసు కుర్చీలో కూర్చోలేదు.

మా అరుగు మీద పాత టైపు మిషన్ పెట్టుకుని సాయంత్రాలు సాధన చేసేది. నేను టైమర్ చేసిస్తానన్నాను. ఫ్యాక్టరీ సెట్టింగు చెరిగిపోయిన మైక్రోకంట్రోలర్ చిప్‌ను గీసి గీసి బేరమాడి సగం ధరకు కొన్నాను. చిప్ లోపల లోలకంలా కొట్టుకునే ఆసిలేటర్ ఎంత వేగంగా కొట్టుకోవాలో ఒక అంకె చెబుతుంది; చెరిగిపోయింది అదే. అంకె తగ్గిస్తే నెమ్మదిస్తుంది. టైమర్ ఆ దెబ్బల్ని లెక్కపెట్టి, పది నిమిషాలయిందని బజర్ మోగిస్తుంది. చేతి గడియారం పక్కన పెట్టుకుని, రెండు రోజులు అంకె మార్చి మార్చి సరిగ్గా కుదిర్చాను.

బజర్ మోగేసరికి ఆమెకు ఎప్పుడూ ఇరవై మాటలు తక్కువ.

"నా వల్ల కాదు బావూ, ఊరెళిపోతాను," అంది మిషన్ మీద గుడ్డ కప్పుతూ.

"ఎళ్లి ఏటి సేత్తావు?"

"కాఫీ పళ్లు కోసుకుంటాను. అవి గంట కొట్టవు కదా."

మా కొట్లో కావలసినవాళ్లకు తూకం అయ్యాక గుప్పెడు కొసరు వేస్తాం. మర్నాడు ఆమె లేనప్పుడు చిప్‌లో అంకె కాస్త తగ్గించాను. పది నిమిషాలకు నలభై అయిదు సెకన్లు కలిశాయి. ఆ సాయంత్రం బజర్‌కు ముందే మూడొందలూ పూర్తిచేసి, లేచి నిలబడి నవ్వింది. కాస్త ధైర్యం రానీ, వచ్చే వారం సరిచేద్దాం అనుకుంటూ ఏడు వారాలు గడిపాను. గెలిచాననుకున్న ఆమె వేగం పెంచలేదు.

పరీక్ష నుంచి వచ్చి అరుగు మీద కూలబడింది. "ఇంకా ఇరవై మాటలుండగానే గంట కొట్టీసారు బావూ."

"కంగారు పడ్డావేమో."

"లేదు. నీ టైమర్ తప్పు సెప్పదు. అక్కడి గడియారమే బేగి నడిసింది."

ఎంత మొండి సరుకైనా మాటలతో అమ్మేవాణ్ణి. లోపలికెళ్లి గల్లాలో చిల్లర లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. వెళ్లేరోజు టైమర్‌ను తువ్వాలుతో తుడిచి గల్లా మీద పెట్టింది.

"ఇంకో గుంట నేర్సుకుంటే ఇయ్యి. పనికొత్తాది."

బస్సెక్కింది. మళ్లీ అరకులో కనబడలేదు.

ఆమె పరీక్ష ఎలాగూ తప్పేదేమో అని నాకు నేనే తగ్గింపు ఇచ్చుకోబోయాను. కుదరదు. బజర్ సరైన టైముకే మోగివుంటే, ఏడు వారాల్లో ఇరవై మాటలు పెరిగేవి కావా? నేనిచ్చింది నలభై అయిదు సెకన్లు. తీసుకున్నది ఆ ఏడు వారాలు, దాని వెనక ఉద్యోగం. నాకు ముట్టింది ఒక్క సాయంత్రపు నవ్వు.