సాధు రకం పోయింది నా చేతుల్లోనే

మా జువాలజీ సారు పోయారని నాకు కార్డు అందేసరికి ఆయన సొంతూరు కంబదూరులో దహనమై నాలుగు రోజులైంది. కదిరిలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి మధ్యాహ్నం టపాలో వచ్చిందది. ఆ గంట క్లాసు తీసుకోలేకపోయాను. ఆయన గురించి మంచి మాటలు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. నేను మాత్రం పన్నెండేళ్లుగా దాచుకున్న మాట ఒకటి చెప్పాలి.

అనంతపురంలో మేం ఎమ్మెస్సీ చదివే రోజుల్లో సారు తెల్ల చుంచెలుకలను సాకేవారు. ఎలుకలకు వచ్చే మలేరియా మీద, డాక్టరేటు కోసం ఆయన పరిశోధన. ఆ మలేరియా క్రిమిలో రెండు రకాలు ఆయన దగ్గరుండేవి. ఒకటి ఎలుకను వారంలో చంపేది. రెండోది కొన్నాళ్లు నీరసపరిచి వదిలేసేది, మూడు వారాలకు ఎలుక మళ్లీ గంతులేసేది. మొదటిది మొండి రకం, రెండోది సాధు రకం అని ఆయన పెట్టుకున్న పేర్లు. ఊళ్లో మనుషులకే గింజల్లేని కరువులో, ఎలుకలకని కంబదూరు నుంచి కొర్రల సంచి భుజాన మోసుకొచ్చేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

"చూడమ్మా, మైక్రోస్కోపు కింద రెండూ ఒగే మాదిరి ఉండాయి. మరి ఒగటి చంపుతాది, ఇంగొగటి చంపదు. ఆ తేడా దాని పుట్టుకలోనే యాడో ఉండాది. యాడుండాదో చూడాల, అంతే" అనేవారు. చంపేదే బలమైనది కదా సార్ అంటే ఒప్పుకునేవారు కాదు. "ఉండే ఇల్లు కూలగొట్టుకున్నోడు రేపు యాడ పడుకుంటాడమ్మా? చంపకుండా బతికేదే తెలివైంది."

రెండు రకాలనూ దోమలో కలిపి, పుట్టిన సంతానంలో ఏది చంపుతుందో ఏది చంపదో వేరుచేస్తే, ఆ గుణం జన్యువుల్లో ఎలా దిగుతుందో తేలుతుందని ఆయన ఆశ. అందుకని దోమలను కూడా పెంచారు. మా ఎండలకు అవి బతకవని గది చుట్టూ గోనెపట్టాలు కట్టి, గంటకోసారి తానే నీళ్లు చల్లేవారు. అలా ఆరేళ్లు కష్టపడ్డారు.

క్రిములను గడ్డకట్టించి దాచే వసతి మాకు లేదు. ఎలుక నుంచి ఎలుకకు నెత్తురు ఎక్కిస్తూ ఉంటేనే ఆ రకం బతుకుతుంది. ఒకసారి సారు ఊరికి వెళ్తూ ఆ పని నాకప్పగించారు. ఏ రకం సిరంజి ఆ రకానికే, ఏ రకం నీళ్లు ఆ రకానికే అన్నది ఆయన నియమం. ఆ ఎండాకాలం కొళాయి మూడు రోజులకోసారి వచ్చేది. నెత్తురు కలపడానికి మరిగించి పెట్టుకున్న ఉప్పునీళ్లు ఒక్క గిన్నెడే మిగిలాయి. నీళ్లు పారబోస్తే పాపమని వింటూ పెరిగినదాన్ని. మొండి రకం సిరంజిని ఆ గిన్నెలోనే కడిగి, సాధు రకం నెత్తురులో కలపడానికీ అవే నీళ్లు వాడాను.

పది రోజులకు సాధు రకం ఎక్కించిన ఎలుకలు వరసగా చచ్చిపోయాయి. భయపడాల్సింది పోయి నేను ఎగిరి గంతేశాను. సాధువు తనంతట తానే మొండిగా మారిందనీ, అది నేనే కనిపెట్టాననీ, అప్పటికి తిరిగొచ్చిన సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఒక్కో బోనూ వంగి చూశారు.

"ఏ నీళ్లతో కడిగితివమ్మా?" అన్నారు.

చెప్పాను. చెబుతుండగానే నాకర్థమైంది, మొండి రకం ఆ నీళ్లలోంచే సాధు రకంలోకి చేరిందని.

అంతకుముందు సాధు రకం ఎక్కించిన పాత ఎలుకలు అప్పటికే కోలుకున్నాయి. వాటి నెత్తుట్లో వెతికితే ఒక్క క్రిమి కూడా దొరకలేదు. బెంగళూరు నుంచి సారు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన రకమది. మళ్లీ రాస్తే అక్కడా లేదన్నారు.

మా డిపార్ట్‌మెంటు హెడ్డుగారి గదికి ఇద్దరం వెళ్లాం. నేను నోరు తెరిచేలోపే సారు, "తప్పు నాదే సార్, నీళ్లు కలిపేస్తి" అన్నారు.

"ఎలుకల్ని సాకేకి చాతగానోనికి పీహెచ్‌డీ యాలప్పా?" అన్నారు హెడ్డుగారు.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కుక్కిన పేనులా ఉండిపోయాను. బయటికొచ్చాక సారు, "నాకు ఉద్యోగముండాది. నీకు ఇంగా పరీక్షలుండాయి. పోయి చదువుకో" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయనకు డాక్టరేటు రాలేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే ఆయనకు పైవాళ్లయ్యారు. స్టాఫ్ రూములో ఎలుకల మీద జోకులు ఏళ్లకేళ్లు నడిచాయి. నాకీ ఉద్యోగం వచ్చింది ఆయన రాసిచ్చిన ఉత్తరంతో. 'ఈమె పని శుభ్రంగా ఉంటుంది' అని రాశారందులో. ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఏటా సెలవుల్లో వెళ్లి హెడ్డుగారికి నిజం చెప్పేద్దామనుకునేదాన్ని. వెళ్లలేదు.

దినాలు అయిన మర్నాడు కంబదూరు వెళ్లాను. సారు భార్య పంచలో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నీ గురించి శానా చెప్తాండె. ఆ పిల్ల చెయ్యి శుద్ధం, నా మాదిరి గాదు అంటాండె. ఆ పొద్దు ఆ నీళ్లేవో సరిగ్గా చూసుకునింటే డాక్టరయ్యేటోడే. ఏం జేస్తాం, ఎప్పుడూ పరధ్యానమే."

ఇంట్లో కూడా చెప్పలేదని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు. "అమ్మా, ఆ తప్పు సార్ది కాదు, నాది" అని జరిగిందంతా చెప్పాను.

 ఆమె, "ఇన్నేండ్లూ ఆయప్పను పరధ్యానమని నేనూ అంటానే వస్తి గదమ్మా. ఒగ పొద్దన్నా, నేను గాదు అనకపాయ" అన్నారు. సగం ఒలిచిన కాయ చేతిలోనే ఉండిపోయింది. కోళ్లు వచ్చి చేటలోని విత్తనాలు ఏరుకుంటున్నా ఆమె వాటిని అదిలించలేదు.